తద్దినాల పుస్తకంలో లేని పిల్లలు

పోయినవారం మృదులను ఏలూరు స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఇంట్లో చెప్పకుండా ఒక్కర్తీ తాడేపల్లిగూడెం బయలుదేరిన పదిహేనేళ్ళ పిల్లని అలా వదిలేసి రావడం పెద్దమనుషులు చేసే పని కాదు. అయినా పత్రికలో మనకిచ్చిన పేజీలు అయిపోతే ఎవరైనా ఏం చేస్తారు? కొత్తగా చదివేవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ పిల్లని రైలెక్కిద్దాం.

మృదుల పదో తరగతి. తండ్రి మల్లికార్జునరావుగారు ఏలూరులో పౌరోహిత్యం చేస్తారు. నిరుడు సైన్స్ ఫెయిర్ కోసం మృదుల తన తల్లివైపు వంశాన్నంతా ఒక పెద్ద చార్టు మీద గీసింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్న, వంశంలో దిగివచ్చే జబ్బు ఉన్నవాళ్ళకి నల్లరంగు. మొత్తం ఇరవైయారు మంది. అందులో నల్ల బొమ్మ ఒక్కటీ లేదు. జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. బహుమతి కన్నా పెద్ద సంగతి ఇంకోటి కూడా జరిగింది. అక్క సంహితకి మేనమామ కొడుకు జయంత్‌తో పెళ్ళిమాటలు నడుస్తున్న రోజులవి. సంహితకి జయంత్ అంటే ఇష్టమే, కానీ మేనరికం అంటే భయం. పుట్టే పిల్లలకి ఏదైనా వస్తేనో? అప్పుడు మన బుల్లి శాస్త్రవేత్త చార్టు విప్పి, "చూసుకో అక్కా, మూడు తరాల్లో ఎవరికీ ఏమీ లేదు" అని తేల్చేసింది. వైశాఖంలో పెళ్ళయింది. ఇప్పుడు భాద్రపదం. సంహితకి మూడో నెల.

మొన్న శుక్రవారం, అనువంశికత పాఠం పునశ్చరణ చేయిస్తూ బయాలజీ చెప్పే షారోన్ టీచర్ గోడకున్న ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"మృదులా, ఇందులో పోయినవాళ్ళందరూ పెద్దవాళ్ళయ్యాక పోయినవాళ్ళే. మీ ఇంట్లో పసిపిల్లలెవరూ పోలేదా? ఆటపాక పక్షుల కేంద్రంలో పక్షుల్ని లెక్కపెట్టినప్పుడు ఖాళీ గూళ్ళు కూడా రాయమన్నాను కదమ్మా. ఈ పేర్లు ఎక్కణ్ణించి తెచ్చావు?"

"నాన్నగారి తద్దినాల పుస్తకంలోంచండీ. అమ్మ వాళ్ళవి కూడా ఆయనే పెట్టిస్తారు."

"పసిపిల్లలకి తద్దినాలు పెడతారా?"

ఆవిడ క్రైస్తవులు, నిజంగానే తెలియక అడిగారు. మృదుల పురోహితుడి కూతురు, తెలిసి కూడా ఇన్నాళ్ళూ తట్టలేదు. ఒడుగు కాని పిల్లాడికి తద్దినం లేదు. పసిగుడ్డు పోతే పాతిపెట్టి, స్నానాలు చేసి ఇంట్లోకి వస్తారు. ఆ పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కదు. అంటే మృదుల గీసింది వంశం కాదు, వంశంలో పిండం అందుకునేవాళ్ళ జాబితా. ఆ సంగతి అర్థమైనప్పటినుంచీ రెండు రాత్రులు నిద్రపోకుండా, ఆదివారం పొద్దున్నే బళ్ళోంచి తెచ్చుకున్న చార్టు చుట్టి చంకలో పెట్టుకుని స్టేషనుకి వచ్చింది. అక్కడ వదిలేశాం.

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న మృదులకి భీమడోలు వచ్చిందీ పోయిందీ తెలియలేదు. ఉంగుటూరులో ఎక్కిన ఒక పెద్దావిడ "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే, "బాగానే ఉందండీ" అని మొహం తిప్పుకుంది. ఏమీ ఉండకపోవచ్చు, అమ్మమ్మని ఒక్కమాట అడిగేసి మధ్యాహ్నం రైలుకి తిరిగి వచ్చేయొచ్చు అని తనకి తనే చెప్పుకుంటూ కూర్చుంది.

తాడేపల్లిగూడెంలో భీమశంకరం మావయ్యగారి ఇల్లు, అంటే సంహిత అత్తవారిల్లు, ఉల్లిపాయల మార్కెట్‌కి రెండు వీధుల అవతల. పేటంతా ఉల్లి ఘాటు కమ్ముకుని ఉంటే, ఆ ఇంట్లో మాత్రం అమ్మమ్మ బాలాత్రిపురసుందరమ్మగారు ఉల్లిపాయని గడప తొక్కనివ్వదు. మృదుల వెళ్ళేసరికి ఆవిడ వెనక వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏవిటే, ఒక్కదానివే వచ్చావా? నాన్న ఏడీ?"

"రాలేదు. అక్క ఏది అమ్మమ్మా?"

"మావయ్య స్కూటర్ మీద ఆసుపత్రికి తీసికెళ్ళాడు. నెలనెలా చూపించుకోవాలిట కదా. మీ బావ ఆఫీసు పనిమీద విశాఖపట్నం వెళ్ళాడు, రేపొస్తాడు. కాళ్ళు కడుక్కో. శేషారత్నం, పిల్లకి కాఫీ కలుపు!"

శేషారత్నం అత్తయ్య వంటింట్లోంచి తల బయటికి పెట్టి నవ్వింది. జంగారెడ్డిగూడెం నుంచి ముప్పై ఏళ్ళ కిందట కోడలిగా వచ్చింది. ఈ వంశానికి ఆవిడ బయటి సంబంధం. అత్తగారి ముందు అవసరమైతే తప్ప మాట్లాడే మనిషి కాదు.

మృదుల కాళ్ళు కడుక్కోలేదు. చార్టు విప్పి అమ్మమ్మ ముందు నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చింతపండు ఉండలు పెట్టింది.

"ఇది నువ్వు. పక్కన తాతయ్య. మీ కింద మావయ్య, అమ్మ. నీ కింద ఇద్దరే ఉన్నారు. నీకు ఎంతమంది పుట్టారమ్మమ్మా?"

"ఇద్దరే. తెలీదూ?"

"బతికినవాళ్ళు కాదు. పుట్టినవాళ్ళు."

ముసలావిడ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. ఒక్క క్షణం మనవరాలి మొహంలోకి చూసి, మళ్ళీ తలవంచుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది. "ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల తిరుగుతోంది. ఇలాంటి మాటలు ఎత్తకూడదు. లే, కాళ్ళు కడుక్కుని కాఫీ తాగు."

"ఆ పిల్ల కోసమే అడుగుతున్నాను."

"నీ బడి గొడవలు బళ్ళో చూసుకో."

"అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతాను!" మృదుల నిజంగానే చేతులు జోడించింది. "అక్క మేనరికం వద్దంది. నేనే చార్టు చూపించి ఒప్పించాను. నాది తప్పైతే ఆ బిడ్డకి ఏమైనా అవుతుంది. ఎవరైనా పోయారా, ఎలా పోయారు, అంతే. ఇంకేం అడగను."

శేషారత్నం కాఫీ గ్లాసు తెచ్చి, అక్కడి వాలకం చూసి గ్లాసుతో అలాగే ద్వారబంధం దగ్గర నిలబడిపోయింది.

అమ్మమ్మ గింజల కుప్పలోంచి ఒకటి తీసి, చార్టు మీద తన సున్న కింద పెట్టింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

"కామేశ్వరి. సోమయాజులు. చిట్టి." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. యాభై ఏళ్ళుగా పలకని పేర్లు సరిగ్గా పలుకుతున్నానా లేదా అన్న జాగ్రత్తే ఉంది. "పుట్టినప్పుడు ముగ్గురూ పండులా ఉన్నారే. ఆరో నెల వచ్చేసరికి ఎవరో రక్తం పీల్చేసినట్టు పాలిపోయేవాళ్ళు. పెదాలు తెల్లబడిపోయేవి. కాళ్ళూ చేతులూ పుల్లల్లా, కడుపు మాత్రం కుండలా. చిట్టి ఒక్కత్తే రెండేళ్ళు లాగింది. మాటలు కూడా వచ్చాయి దానికి."

"డాక్టరుకి చూపించలేదా?"

"కొల్లేటి ఒడ్డున ఉండేవాళ్ళం. వానాకాలం వస్తే పడవ మీద రావాలి. ఎక్కడి డాక్టరు? మీ తాతయ్య జాతకాలు చూసి బాలారిష్టం అన్నారు. ఊళ్ళోవాళ్ళు కొల్లేటి నీళ్ళు పడలేదన్నారు. నీళ్ళు మారిస్తే దక్కుతారేమోనని ఉన్నది ఉన్నట్టు వదిలేసి ఈ మెరకకి వచ్చేశాం. ఇక్కడే మీ మావయ్య పుట్టాడు. పుట్టగానే ఎంగిలి విస్తరాకులో, అదే పుల్లాకులో, పడుకోబెట్టి పెంటకుప్ప దగ్గర పెట్టించాను. పక్కింటావిడ తీసుకొచ్చి చేటెడు నూకలకి నాకు అమ్మింది. ముక్కు కుట్టించి, పుల్లయ్య అని పేరు పెట్టాం. ఎంగిలాకు మీద పడ్డవాణ్ణి మృత్యువు ముట్టదంటారు. బళ్ళో వేసేప్పుడే భీమశంకరం అని మార్చాం. వాడు దక్కాడు, తర్వాత మీ అమ్మా దక్కింది. నీళ్ళ దోషమే అది. చూశావుగా, నీళ్ళు మారాయి, పోయింది."

"ముక్కు మీద మచ్చ అమ్మవారు పోసినప్పటిదన్నారే!" ద్వారబంధం దగ్గర్నుంచి శేషారత్నం గొంతు వినిపించింది. "ముప్పై ఏళ్ళుగా నాతో అలాగే చెప్తున్నారు ఆయన."

అమ్మమ్మ కోడలి వైపు చూడలేదు. "చెప్తే పిల్లనిచ్చేవారా మీవాళ్ళు? పిల్లలు దక్కని ఇల్లని పేరు పడితే ఎవరిస్తారు?"

మృదుల ఆ మూడు గింజల్నే చూస్తోంది. పాఠం ఎంత చక్కగా చదివింది ఈ పిల్ల! జబ్బు బయటపడ్డవాళ్ళు పోతారు, బయటపడకుండా లోపల మోసేవాళ్ళు నిక్షేపంలా ఉంటారు. అందుకే ప్రకృతి ఎన్ని తరాలు చెరిగినా అది పోదు, నివురుగప్పిన నిప్పులా కిందికి దిగుతూనే ఉంటుందని పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకుంది. తాతయ్య అమ్మమ్మకి సొంత మేనమామ. ఇద్దరూ మోసుకొచ్చి ఉంటారు. నీళ్ళు మారాక బతికిన ఇద్దరు పిల్లలు నీళ్ళు మారినందుకు బతకలేదు, వాళ్ళ పాలిట చీటీ మంచిది పడింది, అంతే. దక్కారన్న సంతోషంలో ఎందుకు దక్కారో ఎవరూ అడగలేదు. ఆ ఇద్దరిలో ఒకరి కూతురు సంహిత, ఇంకొకరి కొడుకు జయంత్.

"అత్తయ్యా, ఒకసారి ఫోన్ ఇస్తారా?"

షారోన్ టీచర్ చర్చి నుంచి అప్పుడే ఇంటికి వచ్చారు. మృదుల చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు. ఫోన్ స్పీకరులో ఉంది. ఆవిడ మాటలు వసారాలో అందరికీ వినిపిస్తున్నాయి.

"నేను డాక్టర్ని కాదమ్మా. కానీ ఆరో నెల నుంచి అలా పాలిపోవడం అంటే తలసేమియా అనే రక్తం జబ్బు అయ్యుండొచ్చు. మోసేవాళ్ళకి ఏ బాధా ఉండదు. మీ అక్కా బావా ఇద్దరిలో ఒక్కరికి ఉంటే భయం లేదు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకి వచ్చే అవకాశం ఉంటుంది. ముందు వాళ్ళిద్దరి రక్తం పరీక్ష చేయించాలి. ఇద్దరికీ ఉందని తేలితే కడుపులో బిడ్డకి కూడా పరీక్ష ఉంది, కానీ దానికి రోజులు లెక్క. ఎన్నో నెల?"

"మూడు నిండబోతోందండీ."

"అయితే రేపటికి వాయిదా వెయ్యకండి. నువ్వు ఏడవకు. వెంటనే పెద్దవాళ్ళకి చెప్పు."

పెద్దవాళ్ళు ఎదురుగానే ఉన్నారు, పాపం. అమ్మమ్మ గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ఫోన్ పెట్టేసి తలెత్తిన మృదులకి శేషారత్నం కనిపించలేదు. కాఫీ గ్లాసు గడప మీద ఉంది. లోపల బీరువా తలుపు చప్పుడైంది. ఆవిడ ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చి, మృదుల పక్కన నేలమీద కూలబడింది.

"ఆ మాట నేనిదివరకు విన్నాను."

"ఏ మాట అత్తయ్యా?"

"మీ టీచరుగారు చెప్పిందే. మూడేళ్ళ కిందట మీ బావ రక్తదానానికి వెళ్తే, రక్తం తక్కువుందని వెనక్కి పంపేశారు. తర్వాత పరీక్ష చేయించుకున్నాడు. ఇదే రాశారు." కవరులోంచి కాగితం తీసి మృదుల ముందు పెట్టింది. "నీకేం ఫర్వాలేదు, నువ్వు మోస్తున్నావంతే, చేసుకోబోయే అమ్మాయికి మాత్రం పరీక్ష చేయించు అన్నారుట. వాడు నాకొక్కదానికే చెప్పాడు."

మృదుల కాగితం మీద జయంత్ పేరు చూసింది. "తెలిసీ అక్కకి చెప్పలేదా?" అంది.

"చెప్దామనే అనుకున్నాడే! మీ ఇంటికి బయలుదేరాడు కూడా. ఆ వారమే నువ్వు చార్టు తెచ్చి చూపించావు." శేషారత్నం కళ్ళు తుడుచుకోకుండానే మాట్లాడుతోంది. "ఈ వంశంలో ఏ దోషమూ లేదని నువ్వు గీసి చూపించావు. ఈవిడ అవునంది. మీ నాన్నగారు అవునన్నారు. మీ బావ నా దగ్గరికొచ్చి, అమ్మా, నాన్న వైపు లేదంటే ఇది నీ పుట్టింటి నుంచి వచ్చిందే అన్నాడు. నీ పుట్టింటి రక్తం సంహితలో లేదు కదా, ఇంక దానికి పరీక్ష దేనికి, అనవసరంగా భయపెట్టడం తప్ప అన్నాడు. నేనూ సరే అన్నాను. మా అమ్మ ఏ పాపం చేసి నాకు ఇది ఇచ్చిందోనని అప్పట్నుంచీ మా అమ్మని తిట్టుకుంటున్నాను. నా మూలంగా నా కొడుక్కి వచ్చిందని నోరు మూసుకుని పడున్నాను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో ఎవరి పిడికెడు వాళ్ళు కొంగున కట్టుకుని తిరిగారు. అమ్మమ్మ ఇంటి పరువు కోసం దాచింది, మావయ్య ముక్కు మీది మచ్చ కథ దాచాడు, అత్తయ్య పుట్టింటి కోసం దాచింది. బావ భార్య బాధపడుతుందని దాచాడు. ఒక్క మృదుల ఏదీ దాచలేదు. ఆ పిల్ల అందరి ముందూ చార్టు పరిచి, ఉన్నదంతా ఇదే అంది. మిగతావాళ్ళ అబద్ధాలకి అక్షరాలా ముద్ర వేసి ఇచ్చింది తనే. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే దానికి తెలిసింది. లేచి పెరట్లోకి పరుగెత్తి గోడ పట్టుకుని నిలబడింది.

వెనకే అమ్మమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగడుగులు వేయలేని మనిషి, మెట్లు దిగి వచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"దానికి చెప్పకే. ఇప్పుడు చెప్తే దాని గుండె పగిలిపోతుంది. గుండె పగిలినదాని కడుపు నిలుస్తుందా? మీ బావకి చెప్దాం, రేపొస్తాడు. వాడు మెల్లిగా..."

"రేపు బావ వస్తాడు. ఎల్లుండి మావయ్య ఒప్పుకోడు. తర్వాత మంచిరోజు చూద్దామంటారు నాన్న." మృదుల చెయ్యి విడిపించుకోబోయింది. "రోజులు లేవు అమ్మమ్మా. విన్నావుగా."

"మూడుసార్లు నేను చూశానే!" ముసలావిడ గొంతు మొదటిసారి పగిలింది. "ఏవిటో తెలియకపోబట్టి ముగ్గురినీ పొత్తిళ్ళలో పెట్టుకుని, రేపు బాగుపడతారు, రేపు బాగుపడతారు అనుకుంటూ పెంచగలిగాను. తెలిసుంటే ఒక్క రోజు బతికేదాన్ని కాదు. దానికీ ఆ తెలివి ఇవ్వకు. నా మీద ఒట్టు." మృదుల చెయ్యి లాగి తన తెల్లటి తల మీద పెట్టుకుంది.

మృదుల చెయ్యి తీయలేదు, ఒట్టూ వేయలేదు. అమ్మమ్మ చెప్పేది అబద్ధం కాదని దానికి తెలుసు. అక్క ఏడ్చి ఏడ్చి ఏదైనా చేసుకుంటే? చెప్పకుండా ఊరుకుంటే ఆరు నెలల తర్వాత పుట్టబోయే బిడ్డని, ఇంకో ఆరు నెలలకి పాలిపోబోయే బిడ్డని తన చేతిలోకి ఏ మొహంతో తీసుకోవడం? నాలుగింట మూడొంతులు ఏమీ కాకపోవచ్చు. ఆ మూడొంతుల మీదే కదా అమ్మమ్మ మూడుసార్లు ఆశ పెట్టుకుంది. పైగా అక్కకి అసలు ఉందో లేదో కూడా తెలియదు. ఉండకపోవచ్చు. అక్కకి లేకపోతే చాలు, దేవుడా, అక్కకి లేకపోతే చాలు.

వీధిలో స్కూటర్ ఆగింది. "గేటు తియ్యండీ!" అన్న భీమశంకరం మావయ్య గొంతు, దాని వెనకే సంహిత నవ్వు వినిపించాయి. అమ్మమ్మ గబగబా కళ్ళు తుడుచుకుంది. వసారాలో శేషారత్నం కవరు కొంగు కింద పెట్టుకుని లేచి నిలబడింది.

"మృదులా! నువ్వెప్పుడొచ్చావే?" సంహిత చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకి వచ్చేసింది. ఎండకి మొహం కందింది గానీ పెదాల్లో ఎరుపు లేదు. చెల్లెల్ని దగ్గరికి లాక్కుని బుగ్గ గిల్లింది. "నీ పేరు చెప్పుకుని ఇవాళ డాక్టరుగారితో పెద్ద యుద్ధం చేసి వచ్చాను, తెలుసా?"

"నా పేరా?"

"ఆవిడ మంచావిడే, కాస్త భయస్థురాలు. నా రక్తంలో కణాలు చిన్నగా ఉన్నాయిట, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పెరగట్లేదుట. మేనరికం అని వినేసరికి ఇంక పట్టుకున్నారు. నాకూ మీ బావకీ ఏదో పరీక్ష చేయించి తీరాలి, ఇవాళే రక్తం ఇమ్మన్నారు."

"ఇచ్చావా అక్కా?"

"ఎందుకే ఇస్తాను?" సంహిత నవ్వింది. "ఫోన్లో నీ చార్టు ఫొటో ఉంది కదా, తీసి చూపించాను. మా చెల్లెలు మూడు తరాలు వెతికి గీసిందండీ, జిల్లా ఫస్టు వచ్చిందండీ అన్నాను. చార్టులు కాదమ్మా, నాకు రక్తం కావాలి అన్నారు. నాకు కోపం వచ్చేసింది. పరీక్ష నాకు అక్కర్లేదని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేసి వచ్చాను. నీ మీద నాకున్న నమ్మకం ఆవిడకి ఎలా ఉంటుంది?"

అమ్మమ్మ వేళ్ళు మృదుల మణికట్టు మీద ఉక్కులా బిగుసుకున్నాయి.

"అక్కా," అంది మృదుల. "ఆ చార్టు తప్పు. మనింట్లో ముగ్గురు పిల్లలు పోయారు."

సంహిత నవ్వుతూనే ఉంది. చెల్లెలు ఏదో పరాచికం ఆడుతోందనుకుని, మిగతా మాట కోసం ఎదురుచూస్తోంది.